ఈశ్వరి మూడువేల ఏడువందలు

పరిగిలో ఈశ్వరికి ఒక పిండి మిషన్ ఉంది. హిందూపురం గార్మెంట్స్‌లో సూపర్‌వైజర్ నోటికి వేసారి, పని మానేసి, మెడలో గొలుసు అమ్మి పెట్టుకున్న మిషన్ అది. అది మూతపడితే మళ్లీ ఆ మహానుభావుడి ముందు తల వంచుకుని నిలబడాలి. అంతకంటే మొగుడు దేవేంద్రతో కలిసి గొర్రెల వెంట తిరగడం నయమనుకునేది.

అలాంటప్పుడు ఎదురువీధిలో ఆంజనప్ప ఇంకో మిషన్ తెరిచాడు. బోర్డు మీద గుమ్మడికాయంత అంకెలతో "10 హెచ్‌పీ" అని రాయించాడు. హెచ్‌పీ అంటే ఏమిటో ఊళ్లో ఎవరికీ పట్టలేదు, ఆంజనప్పకూ అంతంతమాత్రమే. అయినా జనం రాగుల సంచులు ఎత్తుకుని అటే పోయారు. ఈశ్వరిది ఐదు హెచ్‌పీ మోటారు. ఐదని రాసుకుంటే ఉన్న పరువూ పోతుందని, ఆమె బోర్డు మీద తన పేరు తప్ప ఏమీ రాయించలేదు. రోజంతా ఈగలు తోలుకుంటూ ఆంజనప్పను, అతని పదిని, ఆ బోర్డు రాసినవాణ్ని వరసగా తిట్టుకునేది.

ఒకరోజు మోటారు మీద పిండి తుడుస్తుంటే దాని రేకు మీద "3.7 కిలోవాట్లు" అని కనిపించింది. కిలో అంటే వెయ్యి అని పిండి మిషన్ మనిషికి ఒకరు చెప్పాలా? సాయంత్రానికి ఆమె బోర్డు మీద "3700 వాట్లు" పడింది.

మూడువేల ఏడువందలెక్కడ, పదెక్కడ! జనం వెనక్కి తిరిగారు. మిషన్ మునుపటిలాగే నత్తనడక నడుస్తోంది. అయినా పిండి ఇప్పుడు మెత్తగా వస్తోందని మెచ్చుకోవడం మొదలుపెట్టారు.

ఆంజనప్ప ఊరుకునే రకం కాదు. కాలిన మోటార్లకు తీగ చుట్టే షాపులో వాకబు చేస్తే, ఒక హెచ్‌పీ అంటే సుమారు ఏడువందల నలభై ఆరు వాట్లని తేలింది. వెంటనే తన పదిని వాట్లలోకి మార్పించి "7460 వాట్లు" అని రాయించాడు. అందులో అబద్ధం ఇసుమంత లేదు.

అది చూసి ఈశ్వరి తన పని అయిపోయిందనుకుంది. తీరా మర్నాడు తలుపు తీసేసరికి, ఆంజనప్ప పక్కింట్లోనే ఉండే ఈరక్క అనే ముసలావిడ రాగుల సంచి మీద కూర్చుని ఉంది. వెనక ఇంకా నలుగురున్నారు. ఈశ్వరి ఉండబట్టలేక అడిగింది.

"అవ్వా, ఆయప్పది నా దానికి రెండింతలుండాది. ఆడికి పోలేదేమి?"

"నిన్నటిదాకా పది ఉన్నోనికి తెల్లారేసరికి ఏడువేలు యాడనుంచి వచ్చినాయే? ఉత్త అబద్ధాలకోరు. నువ్వు రాసినప్పటి నుంచీ ఒకే మాట మీద ఉండావు."

ఈశ్వరికి మొదటిసారి ఆంజనప్ప మీద జాలి కలిగింది. పాపం, అతను చెప్పింది నిజమేనని చెప్పబోయి నోరు కూడా తెరిచింది. మళ్లీ మూసుకుని స్విచ్ వేసింది.