బొట్టు పెట్టి పిలిచిన మీటింగు

మీటింగుకు జనం రాకపోతే ఏమవుతుంది? కుర్చీలు మిగులుతాయి, అంతే. జనం మరీ ఎక్కువగా వస్తే ఎంత ప్రమాదమో హిందూపురంలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తుఫానులు సముద్రం మీదినుంచి వస్తాయంటారు. మా పేటకు వచ్చిన తుఫానును మాత్రం నేనే ఇంటింటికీ పోయి పిలుచుకొచ్చాను. అదీ కుంకుమ బొట్టు పెట్టించి మరీ.

యాభైలు పోయి అరవైలు వచ్చిన రోజులు. నేను బెల్లం మండీలో గుమాస్తాను. ఊరు పెరుగుతోంది. రైలుకట్ట అవతల మొన్నటిదాకా వేరుశనగ పండిన చేలల్లో ఇళ్లు లేచాయి. మాదీ అక్కడే. ఇళ్లయితే వచ్చాయి గానీ నీళ్లు రాలేదు. తాగేనీళ్లకు ఆడవాళ్లు కట్ట ఎక్కి దిగి పాత బావికి పోవాలి. మా ఇంట్లో ఆ పని మా వదినది. పొద్దున్నే నేను దర్జాగా పుక్కిలించి ఉమ్మే నీళ్లు కూడా ఆమె నడుము మీద కట్ట దాటి వచ్చినవేనని అప్పట్లో నాకు ఒక్కనాడూ తట్టలేదు.

నాకు తట్టేవన్నీ పెద్ద పెద్ద విషయాలు మరి! నేను పేట యువజన సంఘానికి కార్యదర్శిని. సంఘమంటే నేను, ఒక బెంచీ, ఒక నల్లబోర్డు. ఊళ్లో ఏ సభ జరగబోతున్నా 'రాబోవు సభలు' అని దాని మీద సుద్దముక్కతో రాసేవాణ్ణి. ఆ బోర్డు దగ్గరికి శ్రద్ధగా వచ్చేది ఒక మేక. అదీ సుద్ద నాకడానికి.

ఆ ఏడు మా పేటకు వీధి కొళాయి వేసే మాట వచ్చింది. మునిసిపాలిటీ ఇంజనీరు సారు వచ్చి సభ పెడతారు, జనం వచ్చి కావాలని అడగాలి. అడగకపోతే కొళాయి పక్కపేటకు పోతుంది.

మొదటి సభకు తప్పెట కొట్టించాను. ఒక్కరూ రాలేదు. "తప్పెట కొట్టి పిలిస్తే వచ్చేదానికి మేమేమన్నా తప్పిపోయిన ఎద్దులమా?" అన్నారు. రెండో సభకు కరపత్రాలు అచ్చేయించాను. మర్నాడు అంగట్లో బొరుగులు కొంటే నా కరపత్రంలోనే పొట్లం కట్టి ఇచ్చారు.

బడిలో ఖాళీ బెంచీలను చూసి ఇంజనీరు సారు నిట్టూర్చారు. "వచ్చే ఆదివారం ఆఖరుసారి వస్తానయ్యా. అప్పుడూ జనం లేకపోతే ఈ పేటకు దాహం లేదని రాసుకుంటాను."

ఇంటికొచ్చి వదినకు చెప్పాను. ఆమె కడవ దించి నడుము పట్టుకుంది.

"రెండు తూర్లు పిలిస్తివి, ఒక్కరూ రాలేదాప్పా?"

"రాలేదు వదినా. ఈ మహారాజులకు బొట్టు పెట్టి పిలవల్లేమో!"

విసుగులో అన్న మాటే. కానీ అంటూనే నా బుర్రలో దీపం వెలిగింది. కొన్ని దీపాలు వెలిగేది ఇల్లు తగలబెట్టడానికేనని నాకేం తెలుసు? మా వైపు ముత్తైదువ గడప ఎక్కి బొట్టు పెట్టి పిలిస్తే, పగవాళ్లయినా రాకుండా ఉండరు.

"వదినా, నువ్వు భరిణె తీసుకో. ఇంటింటికీ పోదాం."

"ఏమి కార్యమని అడుగుతారు కదప్పా?"

"మంచి కార్యమని చెప్పు. మీటింగు అన్న మాట మాత్రం రానీయొద్దు."

"అబద్ధం కాదా అది?"

"కొళాయి మంచి కార్యం కాదా?"

వదిన భరిణె చేతికి తీసుకుంది. "నువ్వు చదువుకున్నోడివి. నీకు తెలుసుంటాదిలే," అంది. ఆమె అన్నేళ్లు మోసిన కడవలన్నిటికంటే ఆ మాట బరువు ఎక్కువని ఇప్పుడు తెలుస్తోంది.

శుక్రవారం బయలుదేరాం. ముందు వదిన, వెనక నేను. "ఆదివారం సాయంత్రం ఇస్కూలు కాడికి ఇంటిల్లిపాదీ రావల్లమ్మా." ఆడవాళ్లు నుదురు చాపి బొట్టు పెట్టించుకుని, నా వైపు చూసి ముసిముసిగా నవ్వారు. "పిల్లది ఏ ఊరక్కా?" వదిన బిక్కమొహం వేసింది. నేను సిగ్గుపడ్డట్టు తల వంచుకున్నాను. గమనించండి, కాదనలేదు.

శనివారానికి పిల్లకు ఊరు దొరికింది. "ధర్మవరమంట. ఇంటినిండా మగ్గాలేనంట. పట్టుచీరలు పంచుతారంట." అప్పుడూ కాదనలేదు. జనం రావాలి, సారు చూడాలి. అంతే నాకు కావలసింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. నాకు పొయ్యి లేదు, పిల్ల లేదు, పేటంతా చుట్టాలు.

ఆదివారం వచ్చారండీ జనం! పట్టుచీరలు, పూలు, టెంకాయలు. ఒక అవ్వ రవికెగుడ్డ కూడా తెచ్చింది. "ఓళిగలు ఉంటాయని పొద్దున్నుంచి పిల్లోళ్లకు సంగటి కూడా పెట్టలేదప్పా," అని నా చెవిలో చెప్పింది. ఓళిగలంటే మా వైపు బొబ్బట్లు; నేను జేబు తడుముకుంటే సుద్దముక్క దొరికింది. ఇంజనీరు సారు మాత్రం "రామాంజనేయులూ, ఎంత చైతన్యమయ్యా!" అంటూ కళ్లజోడు తుడుచుకున్నారు.

ఇది చాలదన్నట్టు పాసింజరు దిగి పెనుకొండ మామ వచ్చాడు. మా అమ్మకు తోడబుట్టినవాడు. కబురు రైల్లో పోయి ఆయన్ను రైల్లో తీసుకొచ్చింది.

"ఏమిరా రామాంజీ! మేనమామ బతికుండంగనే చెప్పకుండా చేసుకుంటాండావా?"

నేను నోరు తెరిచేలోగా కోటు వేసుకున్న ఇంజనీరు సారును చూసి, పిల్ల తండ్రి అనుకుని, పోయి పక్కన కూర్చున్నాడు.

"ఎప్పుడు పంపిస్తారండీ మా ఇంటికి?"

"వచ్చే నెలలో పెట్టేస్తాం."

"మీకు ఒక్కటేనా?"

"ఇప్పటికి ఒక్కటే. ఇది బాగా నడిస్తే ఇంకొకటి కూడా ఇస్తాం."

మామ దిగ్గున లేచి నా వైపు చూసిన చూపు ఈ జన్మకు మరవను.

సారు ఉపన్యాసం మొదలుపెట్టారు. పైపులు, తొట్లు, నీటి మట్టాలు. జనం మర్యాదగా వింటూ, వంట పొగ ఎక్కడినుంచి వస్తుందా అని నాలుగు దిక్కులూ చూస్తున్నారు. చివరికి మామే లేచాడు.

"సారూ, మీ మాటలు బాగుండాయి. ఆకులు ఎప్పుడు ఏస్తారు?"

"ఏ ఆకులు?" అన్నారు సారు.

అందరి కళ్లూ నా మీద. పారిపోదామంటే ముందర మామ, వెనక గోడ. లేచి నిజం చెప్పాను. నిశ్చితార్థం లేదు, పిల్ల లేదు, అన్నం లేదు, ఉన్నది మీటింగు ఒక్కటే అని.

ఆ తర్వాత కందిరీగల తుట్టె కదిలింది.

"బొట్టు పెట్టి పిలిచి పస్తు పంపిస్తారా!"

"ఇంక ఈళ్లింట్లో నీళ్లు తాగితే ఒట్టు!"

ఏమీ అర్థంకాని సారు, "కొళాయి కావలసినవాళ్లు చేతులెత్తండి," అన్నారు. ఒక్క చెయ్యి లేవలేదు. అందరూ చేతులు కట్టుకున్నారు. అప్పుడు చూశాను. ఆడవాళ్లు కోపంగా చూస్తున్నది నన్ను కాదు, వదినను. భరిణె పట్టుకొని గడప ఎక్కింది ఆమె కదా. రేపు బావి దగ్గర వాళ్ల మధ్య నిలబడాల్సిందీ ఆమే.

వదిన లేచింది. నలుగురిలో ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"బొట్టు పెట్టింది నేను. అన్నం పెట్టేది నేనే. కానీ ఇంతమందికి వండేదానికి నీళ్లు యాడుండాయమ్మా? కట్ట దాటి తెచ్చేలోగా తెల్లారిపోతాది. అది మీకు తెలీదా? ఈ సారు కొళాయి ఏస్తే, ఏసిన దినమే మీకందరికీ ఓళిగలు చేసి పెడతా. పెట్టకుంటే అడగండి."

ముందు రవికెగుడ్డ అవ్వ చెయ్యెత్తింది. ఆ తర్వాత పేటంతా ఎత్తింది. మామ రెండు చేతులూ ఎత్తాడు. "నాది పెనుకొండ, ఐనా ఎత్తుతాండా. ఓళిగల మాట కదా!"

కొళాయి వచ్చింది. ఆ ఉదయం వదిన కొంగు దోపుకుని నాకు లెక్క తేల్చింది. "బొట్టు నాది, అబద్ధం నీది. కాబట్టి వంట నాది, నీళ్లు నీవి."

"దాందేముంది!" అంటూ కొళాయి తిప్పాను. అది దగ్గింది, బుస కొట్టింది, గాలి వదిలింది. పైపులోకి నీళ్లు ఎక్కడానికి సాయంత్రం అవుతుందన్నారు. వదిన కడవ చేతికిచ్చింది.

పేటంతా అరుగుల మీద కూర్చుని చూస్తుండగా కట్ట ఎక్కాను, దిగాను, మళ్లీ ఎక్కాను. "ఏమబ్బా పెండ్లికొడుకా, పైలం!" అని కేకలు. సగం నీళ్లు నా పంచెకే పోయాయి. మధ్యాహ్నానికి నా మెడ నాది కాదు. వదిన ఈ దారిన ఇన్నేళ్లు నడిచింది, నేనేమో 'రాబోవు సభలు' రాసుకుంటూ కూర్చున్నాను. నవ్వేవాళ్ల ముందు కన్నీళ్లు తుడుచుకోవడానికి ఒక సౌకర్యం ఉంది. ఒళ్లంతా తడిసినవాడి మొహంలో అవి తెలియవు.

ఆఖరి పంక్తి భోంచేసి లేచి, ఎంగిలి చేతులతో నిలబడిన వేళకు కొళాయి ఇంకోసారి దగ్గి, బుడబుడమని నీళ్లు పోసింది. మామ చేతులు కడుక్కుని, ఒక పుక్కిలి పట్టి చూసి, తల ఊపాడు.

"నీళ్లు బాగుండాయిరా రామాంజీ. ఇంతకీ ఆ ధర్మవరం పిల్ల యాడ?"

అందుచేత పాఠకులారా, మీరే సాక్షులుగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట సభను సభ అనే పిలుస్తాను, మేక ఒక్కటే వచ్చినా సరే. ఎప్పుడైనా ఎవరినైనా బొట్టు పెట్టించి పిలవాలని బుద్ధి పుడితే, భరిణె ముట్టుకునే ముందు కడవ ఎత్తుకుని ఒకసారి కట్ట దాటి వస్తాను. ఆ బుద్ధి దారిలోనే దిగిపోతుందని అనుభవం మీద చెబుతున్నాను.