జనగామలో ఎక్కించుకోని మనిషి

కరోనా రెండోసారి ఊళ్లను చుట్టిన ఎండాకాలంలో నా భార్య కొమురమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ కోసం భూపాలపల్లి పక్కనున్న మా ఊరి నుంచి హైదరాబాద్ వెళ్లాం. అప్పటికే ఒకసారి తారీఖు ఇచ్చి, వార్డు కరోనా రోగులకు ఇచ్చేశామని వాయిదా వేశారు. గడ్డ మన కోసం ఆగదు. రెండో తారీఖు ఇచ్చినప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: "ఆమె, ఆమె తోడు మనిషి రెండు వారాలు గడప దాటొద్దు. ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దు. ఇక్కడికి రాగానే పరీక్ష చేస్తాం. కరోనా అని తేలితే ఆపరేషన్ మళ్లీ ఆగుతుంది. ఆపరేషన్ అయ్యాక సోకితే ప్రాణానికే ముప్పు."

ఆడవాళ్ల వార్డులో మగవాళ్లను ఉండనివ్వరు. మా బిడ్డ మహబూబాబాద్‌లో పచ్చి బాలింత. అందుకని జనగామలో ఉండే మరదలు సరోజనను తోడు రమ్మన్నాం. కట్టడి సంగతి ఆమెకు ఫోన్‌లో చెప్పాను. మా దిక్కు ఎవరికైనా బాగాలేదంటే చూసిపోవడానికి అందరూ వస్తారు. నేను వాకిట్లో ముళ్లకంప అడ్డం వేశాను. పాలు గోడ మీద పెట్టి పొమ్మన్నాను. మంచి మాటలతో వచ్చినవాళ్లను చూసినా నాకు వాళ్ల ముక్కూ నోరే కనిపించేవి.

ఆ రెండు వారాలు గడిచాక, తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాం. కారు కిరాయి రానుపోను ఆరువేలు. కొమురమ్మ వెనక సీట్లో ఒక్కతే, నేను ముందు. డ్రైవర్ సమ్మయ్య పరకాల దాకా దగ్గుతూనే ఉన్నాడు.

"ఏంది సమ్మయ్యా, గా దగ్గు?"

"బొగ్గు లారీ తోలిన దగ్గు బాపు. కరోనా కంటే పాతది."

"పాతది ఉన్నోనికి కొత్తది రాదా?"

"నిన్ననే పరీక్ష జేయించుకున్న. కాయితం జూస్తవా, బండి ఆపాల్నా?"

ఆపమన్నాను. పేరు చూశాను, తారీఖు చూశాను. నాలుగు అద్దాలూ దించమన్నాను.

"అవ్వా, బాపు పోలీసుల ఉండాల్సిన మనిషి" అన్నాడు వాడు.

"ఇంట్ల గూడ గంతే కొడుకా" అంది కొమురమ్మ.

హనుమకొండలో హోటల్ ముందు జనం కనిపిస్తే టీకి కూడా ఆగలేదు. ఊరు దాటాక చెట్టు కింద ఆపి, ఇంటి నుంచి తెచ్చిన అటుకులు తిన్నాం. ఎనిమిది దాటాక జనగామ చేరాం. సరోజన సంచితో బైపాస్ దగ్గర నిలబడి ఉంది. మూతికి రెండు మాస్కులు. కారు దగ్గరికి వస్తుంటే ఆమె పాదాల మీద నా చూపు పడింది. పసుపు కొత్తగా రాసినట్టు, వేళ్ల సందుల్లో దట్టంగా ఉంది.

"ఏడికన్న పోయినవా సరోజనా?"

"ఏడికి పోలే బావా. శుక్రారం పెట్టుకున్న పసుపు."

"ఇయ్యాల సోమారం."

ఆమె నవ్వింది. "అక్కా, జూడు, నీ మొగడు నా కాళ్ల దిక్కు జూస్తుండు."

కొమురమ్మ నవ్వలేదు. "ఎవలింటికి పోయినవే?"

సరోజన సంచి కింద పెట్టింది. "పక్కింటి పిల్ల పెండ్లి. వాళ్ల అవ్వ నిన్న వచ్చి రెక్కవట్టి గుంజుకపోయింది. ముత్తైదువవు, రాకుంటె ఎట్ల అన్నది. పసుపు రాయించుకొని గడపలకెల్లే మళ్లి వచ్చిన. బువ్వ గూడ తినలే. మాస్కు తియ్యలే."

"రాసినామెకు మాస్కు ఉండెనా?" అన్నాను.

ఆమె పాదాలను చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది.

"నువ్వు ఎక్కద్దు."

"గిన్ని దినాలు నా పిల్లల్ని గూడ పక్కకు రానియ్యలే బావా. మా అక్క నీ ఒక్కనికే ఉన్నదా?"

నాకు మాటలు తక్కువ. సమ్మయ్యను పోనివ్వమన్నాను. కొమురమ్మ కిటికీలోంచి చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది.

ఉప్పల్ మీదుగా పదిన్నరకు ఆసుపత్రి చేరాం. క్యాన్సర్ వాళ్లకు వేరే గేటు పెట్టారు, మీరెవరైనా పోతే అడిగి అటే వెళ్లండి. ఇద్దరికీ ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు. మరునాడు కరోనా లేదని తేలింది. "ఆడమనిషి ఎవరూ లేరా తాతా?" అంది నర్సు. లేరన్నాను. మేమే చూసుకుంటాం లెమ్మంది. నేను ఎదురు సందులో గది తీసుకున్నాను. ఆపరేషన్ బాగా జరిగింది.

ఇంటికి పంపిన రోజు చక్రాల కుర్చీలో బయటికి తెచ్చారు. జుట్టంతా అట్టకట్టి ఉంది. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి పైకి లేవదు. "నర్సులకు యాల్ల యేడిది? దువ్వుమని అడగబుద్ధి గాలే" అంది.

సమ్మయ్య మళ్లీ వచ్చి తీసుకెళ్తుంటే, కొమురమ్మ జనగామలో ఆపమంది. సరోజన అక్కను బయటే అరుగు మీద కూర్చోబెట్టి, మాస్కు తియ్యకుండా చాలాసేపు చిక్కు తీసింది. నేను కారు దగ్గరే ఉన్నాను. సరోజనకు జ్వరం రాలేదు. పెళ్లి ఇంట్లోనూ ఎవరికీ రాలేదు. సమ్మయ్యకు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. నన్ను తాగుతావా అని అడగలేదు.

నా అనుమానం తప్పని తేలింది. అయినా ఆ పొద్దున నాకు కనిపించింది పసుపు ఒక్కటే. మళ్లీ అదే రోడ్డు మీద నిలబెడితే అదే మాట అంటాను. కానీ నా మాటకు వెల చెల్లించింది నేను కాదు, వార్డులో ఒక్కతే పడుకున్న మనిషి.

ఇట్లాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్లకు ఒక్కటే చెబుతాను. తోడుకు ఇద్దరు ఆడవాళ్లను మాట్లాడి, ఇద్దరినీ ఇంట్లో ఉండమనండి. వాళ్ల ఇరుగుపొరుగుకు కూడా మీరే ఫోన్ చేసి చెప్పండి. ఇంటికొచ్చి పిలిచినవాళ్లను కాదనడం ఒక్కదానితో అయ్యే పని కాదు.