వెనక తలుపు గొలుసు

ఫిజీలో, మా లౌతోకా పత్రికాఫీసులో ఇందర్‌మతి రాసినంత విసుగు పుట్టించే వార్తలు ఇంకెవరూ రాయలేదు. తప్పు ఆమెది కాదు, అప్పగించిన పనే అలాంటిది. పదేళ్ళపాటు కౌన్సిల్ మీటింగులన్నీ ఆమెవే. ఏ వీధిలో కాలువ పూడింది, మార్కెట్లో ఎవరి బల్లకి లైసెన్సు ఇచ్చారు, ఏ కుక్కని ఎవరు పట్టుకున్నారు. వాటిని దిద్ది పేజీలో పెట్టేవాణ్ణి నేను. దిద్దుతూ ఆవలించేవాణ్ణి.

"ఇందర్, చెత్తబుట్టల వార్తకి నిబంధన నెంబరు కూడా వెయ్యాలా?"

"వెయ్యకపోతే కౌన్సిలర్లు తప్పించుకుంటారు మాస్టారూ. నెంబరేస్తే తప్పించుకోలేరు."

నా పేరు సన్యాసినాయుడు. పేరుకే సన్యాసిని, పిల్లలు నలుగురు. మా తాత చెరుకు నరకడానికి ఓడెక్కి వచ్చాడు. నేను కొన్నాళ్ళు బడిపంతులుగా చేసి, తర్వాత పత్రికలో ఎర్రసిరా పట్టాను. అందుకే అందరికీ మాస్టార్ని. పాఠాలు చెప్పే పిచ్చి మాత్రం పోలేదు. "పేరు లేని మాట పుకారు" అని రోజుకి పదిసార్లు అనేవాణ్ణి. ఆ మాటే ఒక మనిషి అన్నం తీసేసింది.

తొంభై నాలుగు జూన్లో సంగతి. రేవు దగ్గర కుట్టు ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే తోరికా అనే స్థానిక ఫిజియన్ అమ్మాయి బస్టాండులో ఇందర్‌మతి పక్కన కూర్చుని తన గోడు చెప్పుకుంది. మరుగుదొడ్డికి వెళ్ళాలంటే బిళ్ళ తీసుకోవాలట, పూటకి రెండే బిళ్ళలట. మూడొందల మంది ఆడవాళ్ళు లోపల కుడుతుంటే వెనక తలుపుకి బయటినుంచి గొలుసు వేసి తాళం పెడతారట. బట్టలు దొంగతనంగా బయటికి పోతాయని యజమాని హార్న్‌బీ భయం. ఇందర్‌మతి అదంతా రాసింది. చెప్పింది ఎవరంటే, "ఒక కార్మికురాలు" అని మాత్రమే వేసింది.

సాయంత్రం నేను పేజీ కడుతున్నాను. ఆమె ఇంటికి వెళ్ళిపోయింది. నోటుపుస్తకం బల్లమీద వదిలేసింది. తెరిచి చూసి, "కాలర్ల విభాగంలో పనిచేసే తోరికా" అని నేనే చేర్చాను. ఎవర్నీ అడగలేదు. గురువారం పత్రిక వచ్చింది. శుక్రవారం తోరికా పని పోయింది.

ఇందర్‌మతి నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నా బల్ల ముందు నిలబడి, "రేపు పొద్దున్న ఖాళీయేనా?" అంది.

"ఎందుకూ?"

"తోరికా ఇంటికెళ్ళి క్షమాపణ అడగాలి. వాళ్ళ ఆచారం ప్రకారం తప్పు చేసినవాళ్ళు తలొంచుకుని కూర్చోవాలి, వాళ్ళ తరఫున ఇంకొకరు మాట్లాడాలి. నా తరఫున మీరు."

"తప్పు నాది కదా?"

"వార్త కింద పేరు నాది. తప్పు నేను మోస్తాను. మాట మీరు మొయ్యండి చాలు."

అడుసు తొక్కింది నేను, కాలు కడుగుతానంటున్నది ఆమె. సిగ్గేసింది, కానీ వెళ్ళాను. మార్కెట్లో మంచి యంగోనా వేళ్ళ కట్ట కొన్నాం, వాళ్ళు దంచి నీళ్ళలో కలుపుకు తాగేది. తిమింగలం పన్ను పట్టుకెళితే ఇంకా మర్యాద, కానీ అది మాకెక్కడ దొరుకుతుంది? తోరికా వాళ్ళది తావాకుబులో రేకుల ఇల్లు. చాప మీద గుమ్మం పక్కనే కూర్చున్నాం, కట్ట ముందు పెట్టుకుని. ఎదురుగా తోరికా నాయనమ్మ మెరెసేని. తోరికా వెనక గదిలో ఉంది, బయటికి రాలేదు. ఆ ముసలమ్మ కట్ట ముట్టుకుంటే క్షమించినట్టు. ముట్టుకోకపోతే కూర్చోవడమే.

నేను ఇంట్లో బాగా తయారుచేసుకున్న మాటలు మొదలుపెట్టాను. "ఈ అమ్మాయి చేసిన పొరపాటుకి..." అనేసరికి నాలుక మడతపడింది. పక్కన ఇందర్‌మతి తల ఎత్తలేదు. ముసలమ్మ నన్నే చూస్తోంది. ముప్పై ఏళ్ళుగా ఊరివాళ్ళ తప్పులు దిద్దుతున్నాను, అక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవడానికి చెమటలు పట్టాయి.

"అమ్మా, పేరు రాసింది ఈమె కాదు. నేను. ఈమెకి తెలీకుండా రాశాను."

మెరెసేని కట్ట కేసి ఒకసారి, నా కేసి ఒకసారి చూసింది. తర్వాత, "మరి నువ్వెందుకు తల ఎత్తుకుని కూర్చున్నావ్?" అంది.

దించుకున్నాను. ఎండ గుమ్మం దాటి చాప మీదికి వచ్చేదాకా అలాగే ఉన్నాం. మోకాళ్ళు చచ్చుబడిపోయాయి. చివరికి ముసలమ్మ చెయ్యి చాపి కట్ట మీద వేసింది, మూడుసార్లు చేతులు చరిచింది. అప్పుడు తోరికా బయటికి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళుంటాయి, ఏడ్చి కళ్ళు వాచాయి.

"క్షమించడం నాయనమ్మ పని. క్షమించింది. నా మిషను ఎవరిస్తారు అక్కా?"

"నేనిప్పిస్తాను. నువ్వు మళ్ళీ ఆ మిషను ముందు కూర్చునేదాకా ఊరుకోను" అంది ఇందర్‌మతి.

ఆ మాట అనమని ఎవరూ అడగలేదు. ఆచారంలోనూ లేదు. దారిలో, "ఎందుకన్నావమ్మా అంత మాట?" అంటే, "అనకపోతే చెయ్యను మాస్టారూ, నా సంగతి నాకు తెలుసు" అంది.

లేబర్ ఆఫీసుకి వెళ్ళింది. ఒక్కదాని కోసం మేమేం చెయ్యలేం, యూనియన్ ఉంటే వేరే సంగతి అన్నారు. యూనియన్ పెట్టాలంటే సగం మందికి పైగా ఫారాల మీద సంతకాలు చెయ్యాలి. సరేనని ఫారాలు అచ్చు వేయించి, సెలవు పెట్టి ఫ్యాక్టరీ ముందు గేటు దగ్గర నిలబడింది. గేటు లోపల సూపర్‌వైజరు కుర్చీ వేసుకుని, ఎవరు కాగితం తీసుకుంటున్నారో రాసుకుంటూ కూర్చున్నాడు. ఆడవాళ్ళు తల తిప్పుకుని బస్సుల కేసి పరుగెత్తేవారు. రెండు వారాల్లో పదకొండు సంతకాలు. వాళ్ళలో నలుగురిని పనిలోంచి తీసేశారు. ఆ నలుగురి ఇళ్ళకీ వెళ్ళి తల దించుకుని వచ్చింది. వాళ్ళ చేత తిట్లు కూడా తిన్నది.

"పేపరమ్మాయివి, పేపరు రాసుకోక మా పొట్టల మీద పడ్డావేంటే?" అందొకావిడ, కసావా దుంప చెక్కు తీస్తూ కత్తి ఊపి మరీ.

"పడ్డాను వదినా. లేపాల్సింది కూడా నేనే" అంది.

నేను అనుకున్నాను, ఇదంతా ఆరంభశూరత్వం, రెండు నెలల్లో మళ్ళీ కాలువల వార్తలు రాస్తుందని. పొరబడ్డాను. ఒక మధ్యాహ్నం ఆమె నా బల్ల మీద కౌన్సిల్ నిబంధనల పుస్తకం తెరిచి పెట్టింది. ఆ పుస్తకం పదేళ్ళుగా ఆమె సంచీలోనే ఉంది. పనిజరిగే చోట బయటికి దారులు తెరిచి ఉండాలని, తనిఖీ చెయ్యాల్సింది ఆరోగ్య కమిటీ అని అందులో ఉంది.

"అయితే వార్త రాయి, నెంబరు కూడా వేద్దాం" అన్నాను, మంచి చేసుకుందామని.

"రాశాం కదా ఒకసారి. వార్త చదివి హార్న్‌బీ గొలుసు తీయలేదు, తోరికాని తీశాడు. ఈసారి నేను ఆ కమిటీలో కూర్చుంటాను."

కౌన్సిల్ ఎన్నికలు మరుసటి ఏడు. మా మేనేజరు కబురు పెట్టాడు, నామినేషన్ వేస్తే ఉద్యోగం వదులుకోవాలని. ఆమె ఆ రోజే రాజీనామా రాసిచ్చేసింది. ముసలి తల్లిని పోషించాల్సిన మనిషి, చేతిలో ఇంకో పని లేదు. పదేళ్ళు ఆమె వార్తల్ని చెత్త అన్నవాణ్ణి, అప్పుడు మాత్రం వెళ్ళొద్దని బతిమాలాను. వినలేదు.

ప్రచారం అంటే నడకే. దూరం వీధులకి నా పాత కారు తీసేవాణ్ణి, అది పెట్రోలు తాగినన్ని ఓట్లు తెచ్చేది కాదు. మాటలు మాత్రం ఇందర్‌మతి బాగానే పడేది.

"పెళ్ళి కాలేదు, పార్టీ లేదు. ఎవరి తరఫున నిలబడ్డావమ్మా?" అన్నాడు చెరుకు లారీల యజమాని ఒకాయన.

"మీ వీధి చివర మురుగు తరఫున, బాబాయ్. పదేళ్ళుగా దాని గురించి రాస్తున్నాను. మీకన్నా నాకే బాగా పరిచయం."

నలభై ఒక్క ఓట్ల తేడాతో గెలిచింది. వీధి పేరు చెబితే చాలు, ఆ వీధి కాలువ ఏ ఏడు పూడిందో చెప్పగలిగిన మనిషి ఇంకొకరు దొరకలేదు ఓటర్లకి. నన్ను విసిగించిన వార్తలే ఆమెని గెలిపించాయి. ఆరోగ్య కమిటీ ఎవరికీ అక్కర్లేని కమిటీ, అడగ్గానే ఇచ్చేశారు.

మొదటి మీటింగులోనే కుట్టు ఫ్యాక్టరీ తనిఖీ పెట్టించింది. ఇన్‌స్పెక్టరు వెళ్ళి చూసి గొలుసు ఉందని రాశాడు. నెలరోజుల్లో తీయకపోతే లైసెన్సు ఆగుతుందని నోటీసు తయారైంది. సంతకాలు పడటమే తరువాయి. అప్పుడు హార్న్‌బీ స్వయంగా ఇందర్‌మతి ఇంటికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను, వాళ్ళమ్మ చేసిన రోటీ, వంకాయ కూర తింటున్నాను.

ఆయన చెడ్డవాడిలా మాట్లాడలేదు, అదే ఇబ్బంది. టోపీ తీసి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మేడమ్, మీకు కావల్సింది ఆ అమ్మాయికి పని. సోమవారం నుంచి రమ్మనండి. మామూలు పని కాదు, సూపర్‌వైజరుగా. ఆ నలుగురు కూడా రావచ్చు. తలుపు సంగతి మాత్రం ఒక్క ఏడాది ఆపండి. సరుకు పోతే సిడ్నీలో కొనేవాళ్ళు నా గొంతు కోస్తారు."

ఇందర్‌మతి ముఖం పాలిపోయింది. ఏ మాట కోసం ఉద్యోగం వదులుకుందో ఆ మాట, ఇంకో నాలుగు కలిపి మరీ, ఇంటికే నడిచి వచ్చింది. నాకైతే ఆశ పుట్టింది. తోరికా పనిలోకి వెళితే నా తప్పు కూడా చెరిగిపోతుంది కదా. నా స్వార్థం నాది.

"ఆమెని అడిగి చెబుతాను" అంది ఇందర్‌మతి.

"ఆమెని అడగడం దేనికి? ఎవరైనా కాదంటారా?"

"ఒకసారి అడక్కుండా చేశాం. చాలు."

తావాకుబు వెళ్ళాం. తోరికా అప్పటికి ఏడాదిన్నరగా ఇళ్ళల్లో బట్టలు ఉతుకుతోంది. చేతులు పగిలిపోయాయి. ఇందర్‌మతి ఉన్నది ఉన్నట్టు చెప్పింది, ఇటూ అటూ మొగ్గకుండా. తోరికా తడిబట్ట పిండుతూ విన్నది.

"నువ్వేమంటావ్ అక్కా?"

"నేనేమీ అనను. అన్నం నీది."

"అబ్బా, బరువు నా నెత్తిన పెట్టడానికా ఇంత దూరం వచ్చావ్!" తోరికాకి కోపం వచ్చింది. బట్ట బకెట్లోకి విసిరింది. "నా చెల్లెలు సాలోటే లోపలుంది తెలుసా? మొన్న ఇస్త్రీ బల్ల దగ్గర పొగ లేచిందంట. అందరూ వెనక తలుపు దగ్గరికి పరిగెత్తి గుద్దుకున్నారంట. చిన్న పొగ కాబట్టి సరిపోయింది. నేను సూపర్‌వైజర్ని అయితే ఏమవుద్ది? తాళంచెవి ఆయన జేబులోనే ఉంటది, దాని ముందు కుర్చీ నాకేస్తాడు. నా చెల్లెలు తలుపు గుద్దుతుంటే నేను కుర్చీలో కూర్చుని చూడాలి. పని కావాలి నాకు. దేవుడి మీద ఒట్టు, చాలా కావాలి. అయినా వద్దని చెప్పు."

లోపల్నించి మెరెసేని, "వాళ్ళకి టీ అయినా ఇవ్వవే" అని కేకేసింది. తోరికా ఏడుస్తూనే టీ పెట్టింది.

మర్నాడు నోటీసు మీద సంతకాలు పడ్డాయి. ఇరవై ఎనిమిదో రోజున గొలుసు తీసేశారు. హార్న్‌బీ పంతం పట్టాడు, తోరికాని మాత్రం తీసుకునేది లేదన్నాడు.

తలుపు తెరిచాక ఎవరూ అనుకోనిది జరిగింది. మధ్యాహ్నం టీ వేళకి ఆడవాళ్ళు గాలి కోసం వెనక సందులోకి రావడం మొదలుపెట్టారు. ముందు గేటు దగ్గర కుర్చీ వేసుకున్న సూపర్‌వైజరుకి అది కనపడదు. రెండో రోజుకల్లా తోరికా ఆ సందులో బల్ల వేసింది. కసావా, వేయించిన చేప, కొబ్బరిపాలలో ఉడికిన ఆకుకూర. పొట్లం కింద యూనియన్ ఫారం. తిని, నూనె చేత్తోనే సంతకం పెట్టి ఇచ్చేవారు. ఆ ఫారాలు లేబర్ ఆఫీసులో ఇస్తే గుమాస్తా ముక్కు మూసుకున్నాడు.

"ఇదేంటండీ, చేప కంపు?"

"యూనియన్ కంపు. లెక్కెట్టండి" అంది ఇందర్‌మతి.

మూడొందల పది మందిలో నూటడెబ్బై తొమ్మిది. ఇక హార్న్‌బీ చర్చలకి కూర్చోక తప్పలేదు. ఆడవాళ్ళు ఎన్నుకున్న యూనియన్ కార్యదర్శిగా బల్లకి ఇటువైపు ఇందర్‌మతి కూర్చుంది. జీతాల గురించి, బిళ్ళల గురించి ఆరు రోజులు వాదన జరిగింది. ఒప్పందంలో మొదటి షరతు మాత్రం తోరికా, ఆ నలుగురు. అది సంతకం కాకుండా రెండో షరతు చదవనని ఆమె మొండికేసింది.

సోమవారం పొద్దున్న నేనూ వెళ్ళాను. హార్న్‌బీ ముందు గేటు దగ్గర, మర్యాదకి, చెయ్యి చాపి నిలబడ్డాడు. తోరికా "బూలా" అని పలకరించి నవ్వింది, చెయ్యి కలిపింది. కానీ గేటులోంచి వెళ్ళలేదు. ఫ్యాక్టరీ చుట్టూ నడిచింది. మేమందరం వెనకే నడిచాం, హార్న్‌బీతో సహా. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. సాలోటే తలుపు పట్టుకుని నిలబడింది. తోరికా గుమ్మం దగ్గర చెప్పుల మట్టి దులుపుకుని లోపలికి వెళ్ళింది.

ఇందర్‌మతి బయటే ఆగింది. లోపల మిషన్లు ఒక్కొక్కటే మొదలయ్యాయి. గోడకి ఆనుకుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రెండేళ్ళలో ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నేను పక్కన నిలబడ్డాను, తల దించుకుని.