గుడారం మీద చెంబెడు నీళ్లు

వానలు తగ్గాక మూటలు విప్పితే గుడారాల గుడ్డ ముక్కిన వాసన వేస్తుంది. దానికి కొవ్వొత్తి మైనం వాసన తోడైతే చాలు, మస్తానమ్మత్త నా పక్కనే కూర్చున్నట్టుంటుంది. ఈ ఏడు కూడా మొదటి మూట విప్పగానే అంతే అయింది.

విజయపురి సౌత్‌లో, సాగర్ నీళ్లు కనిపించే గట్టు మీద మాది టూరిస్టుల క్యాంపు. చలికాలమంతా జనం వచ్చి గుడారాల్లో ఉండి పోతారు. వానాకాలం గుడారాలు దించి, మూటలు కట్టి మూసేస్తారు. వానలు తగ్గాక మాకు పని. మూటలు విప్పి ఆరబెట్టాలి, చిరుగులు కుట్టాలి, తాళ్లు మార్చాలి, చుట్టూ కాలవలు తీసి మళ్ళీ నిలబెట్టాలి. మస్తానమ్మ నాకు చుట్టం కాదు. భర్త పోయాక మాచర్ల దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడ కుదురుకున్న మనిషి. బడి మొహం చూడని నాకు నాన్న ఇంట్లో నేర్పిన చదువు తప్ప ఇంకో ఆధారం లేని రోజుల్లో, తనే మేనేజరుతో మాట్లాడి పనిలో పెట్టించింది. ఆనాటి నుంచీ అత్తా అనే పిలిచాను.

దారాన్ని కొవ్వొత్తి ముక్కకు రుద్ది లాగడం, చిరుగుకు లోపలా బయటా మాసిక వేయడం ఆమే నేర్పింది. కుట్టాక పరీక్ష ఉండేది. ఒకరు గుడారం లోపల కూర్చుంటే, ఇంకొకరు బయట నుంచి కుట్టు మీద చెంబుతో నీళ్లు పోయాలి. మొదటిసారి నన్ను లోపల కూర్చోబెట్టింది.

"కారుతుందేందే?"

"లేదత్తా."

తెర ఎత్తి చూసింది. నా పాపిట్లోంచి నీళ్లు ముక్కు మీదికి జారుతున్నాయి.

"పొద్దున లేస్తే దేవుడికి దండాలు పెడతావు, నెత్తి మీద కారుతుంటే కారలేదంటావా?"

"నువ్వు కుట్టింది కదత్తా, ఎట్టా చెప్పేది?"

నడుం పట్టుకుని నవ్వింది. "నా మీద గౌరవం నీకుంది, సరే. వానకుంటదా?" అని ఆ కుట్టంతా విప్పేసి మళ్ళీ కుట్టింది.

కొన్నేళ్లకు ఆమె చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కించి పక్కన పెట్టేదాన్ని. ఆ సంగతి ఇంకెవరికీ తెలియనిచ్చేదాన్ని కాదు. ఈ పని పోతే ఆమెకు ఈపూరులో తమ్ముడి ఇల్లొక్కటే దిక్కు. "అన్నం పెడతారే, పెట్టకేం. తింటున్నంతసేపూ నా కంచం వంకే చూస్తారు" అనేది.

ఆ ఏడు కొత్త మేనేజరు వచ్చాడు. అంతకుముందు సీజనులో ఒక గుడారం కారి, పసిబిడ్డతో వచ్చినవాళ్లు తడిసిపోయి గొడవ పెట్టుకుని వెళ్లారు. అందుకని అత్త కుట్టిన గుడారాన్ని తన ఎదుటే పరీక్షించమన్నాడు. నేను లోపల కూర్చున్నాను. నీళ్లు పడ్డాయి. చల్లగా నా మెడ మీదికి దిగాయి.

"ఏమ్మా, కారుతోందా?" అన్నాడు.

స్వామిని తలుచుకున్నాను గానీ, ఏమని వేడుకోవాలో తెలియలేదు. అతను మళ్ళీ అడిగాడు. ఈసారి అత్త గొంతు వినిపించింది.

"ఏమే, మూగదానివయ్యావా? ఆయన అడుగుతున్నాడుగా, చెప్పు."

"కారుతోందత్తా."

బయట చెంబు కింద పెట్టిన చప్పుడైంది. "ఇన్నావుగా అయ్యా. నా కళ్ళు పోయినయ్. దీన్ని మాత్రం తీసెయ్యమాక. ఇది ఉన్నది ఉన్నట్టు చెప్పుద్ది."

మర్నాడు అత్త ఈపూరు వెళ్లిపోతుంటే బస్సు దగ్గరికి వెళ్లాను. మెట్టు కోసం కాలితో తడుముకుంటుంటే చెయ్యి అందించబోయాను.

"నేనెక్కుతాలే. ఏడవమాక, చంటిపిల్లలు వచ్చి ఉండే గుడారమది" అంది.

కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపింది. నేను నిలబడ్డ వైపు కాదు, ఎవరూ లేని వైపు. ఇక్కడున్నానత్తా అనేలోగా బస్సు కదిలింది.

ఈపూరులో ఆమె పోయిన సంగతి చాలా ఆలస్యంగా, ఎవరో అనుకుంటుంటే తెలిసింది. ఆమె కూర్చున్న చోట ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. దాంతోనే ఇల్లు గడుస్తోంది. సాయంత్రం దీపం పెట్టి, ఈ పని ఇచ్చినందుకు స్వామికి కృతజ్ఞత చెప్పుకుంటాను. ఒక్కోరోజు ఆ మాట గొంతు దాటి రాదు. అయినా చెప్పకుండా లేవను. అది వచ్చేదాకా అక్కడే కూర్చుంటాను.