మునిరత్నం సార్ పసుపు దారాలు

ఈ ఉదయం స్కానింగ్ గది బయట సొరుగు లాగగానే పసుపు వాసన గుప్పుమంది. మునిరత్నం సార్ కళ్ల ముందు నిలిచారు. తిరుపతిలో ఎమ్మారై యంత్రం దగ్గర నాకు పని నేర్పింది ఆయనే. లోపలికి వెళ్లేవాళ్ల ఒంటి మీద లోహం ఉండకూడదు. తాళి తీయమంటే ఆడవాళ్ల ప్రాణం విలవిల్లాడేది. అందుకని సార్ పసుపుకొమ్ము కట్టిన దారాలు సొరుగు నిండా పెట్టేవారు. చేరిన కొత్తలో నేను వడమాలపేట నుంచి వచ్చిన ఒకామెను "తొందరగా తీయమ్మా!" అని కసిరాను. సార్ నన్ను పక్కకు లాగారు. "యంత్రం యాడికీ పోదప్పా. ముందు దారమియ్యి. ఇంటాయన్ను పిలిచి కట్టించు. ఆ తర్వాతే తాళి తీయించు." సిగ్గుతో చచ్చిపోయాను.

మెదడు బొమ్మలు చూడటమూ ఆయనే నేర్పారు. "చెవులకు లోపక్క ఈ చిన్న వంపు సూడు. కొత్త జ్ఞాపకాలు కుదురుకునేది ఈడనే. అల్జీమర్స్‌లో ముందు ఇదే సన్నబడతాది. పోనుపోనూ మెదడంతా కుంచించుకుపోయి, నడుమ నీళ్లుండే ఖాళీలు పెద్దవైతాయి" అనేవారు.

ఆయన రిటైరైన కొన్నేళ్లకు భార్య సుగుణమ్మ ఆయన్నే స్కానింగ్‌కు తీసుకొచ్చింది. అప్పటికే రెండుసార్లు బల్ల మీంచి లేచి వచ్చేశారట. ఈసారైనా బొమ్మ రాకపోతే జబ్బేదో తేల్చలేమని డాక్టరు చెప్పారు. సార్ నన్ను గుర్తుపట్టలేదు. లోపలికి రానన్నారు. తోడు వెళ్దామని ఆమె మెడలోని తాళి తీయబోయింది. అంతే, సార్ గబుక్కున చెయ్యి అడ్డం పెట్టారు.

"ఈ తల్లికి దారమిచ్చినావా అప్పా?"

భార్యను రోగి అనుకుంటున్నారని అర్థమైంది. దారం తీసి ఇచ్చాను. ఆమె దాన్ని ఆయన ముందు పట్టుకుని, "నువ్వే కట్టు" అంది.

సార్ రెండడుగులు వెనక్కి వేశారు. "తప్పు తల్లీ! ఉండు, మీ ఇంటాయన్ను పిలిపిస్తా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయన వస్తాడులే సార్. నాకు భయంగా ఉండాది. ముందు మీరు పడుకొని సూపించండి."

"దీనికేం భయం? కదలకూడదు, అంతే. సూడు!" అంటూ వెళ్లి పడుకున్నారు. అయ్యేదాకా వేలు కూడా కదపలేదు. తెర మీద, ఆయన నాకు చూపించిన ఆ వంపే, వాడిన చిక్కుడుకాయలా సన్నబడి ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

బయటికి రాగానే సార్ అడిగింది ఒకటే. "ఆమె ఇంటాయన వచ్చినాడా?"

"వచ్చినాడు సార్" అన్నాను.

ఆ రోజు నుంచి నేను సొరుగు ఖాళీ కానివ్వలేదు. దారం చేతికిచ్చి, వరండాలోకి వెళ్లి, "ఈమె ఇంటాయన ఎవరప్పా?" అని నేనే పిలుస్తాను. ఎవరో ఒకరు లేచి వస్తారు. వచ్చేదాకా నాకు ఊపిరాడదు.