ముల్లు చూసి పెట్టే సంతకం

బెజవాడలోని ఒక సర్కారు ఆస్పత్రి పిల్లల వార్డులో, డ్యూటీ దిగే నర్సు, ఎక్కే నర్సు కలిసి ఆక్సిజన్ సిలిండర్ దగ్గర నిలబడతారు. వాల్వు తిప్పి, గేజీలో ముల్లు ఎక్కడుందో చూస్తారు. ఆ తర్వాతే రిపోర్టు బుక్కులో సంతకాలు. ఈ పద్ధతి తెచ్చింది స్టాఫ్ నర్సు నజీరా.

1997లో ఒక ఖాళీ సిలిండర్ నేరం అమలమ్మ మీద పడింది. గుణదల పిల్ల, నర్సుగా చేరి నాలుగు నెలలైంది, ముల్లు చూడకుండా సంతకం పెట్టింది. నజీరా నర్సుల్ని కూడగట్టి, పదకొండు రోజులు గేటు ముందు టెంటులో కూర్చోబెట్టి, ఆ పిల్ల ఉద్యోగం నిలబెట్టింది. సమ్మె విరమించిన రోజు చెప్పింది: "కలెక్టరొచ్చి అడిగినా సరే, ముల్లు చూడకుండా పెట్టకండర్రా."

ఆ టెంటే ఆమెను నాయకురాలిని చేసింది. 2004లో పార్టీ టికెట్టు ఇచ్చింది, నజీరా గెలిచింది. ప్రమాణ స్వీకారం ఫొటో చూసి అమలమ్మ ఏడిపించింది: "ఎమ్మెల్యేవైనా వాచీ ఇంకా మణికట్టు లోపలికే తిప్పి కట్టావేంటక్కా? అసెంబ్లీలో ఎవరి నాడి చూస్తావు?"

2006 మే నెలలో, ఆస్పత్రి కమిటీ అధ్యక్షురాలి హోదాలో నజీరా తనిఖీకి వచ్చింది. సూపరింటెండెంట్ గదిలో టీ ఇచ్చారు, తనిఖీ పుస్తకం తెరిచి పెట్టారు. అమలమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, రెండో సిలిండర్ మూడు రోజుల్నించీ ఖాళీ. బుక్కులో రాస్తూనే ఉన్నా. ఒక్కసారి వార్డులోకి రా."

"మినిస్టర్ గారు హనుమాన్ జంక్షన్ వచ్చేశారంట, వెళ్లాలి. మళ్లీ వస్తాగా."

"ముల్లు చూడ్డానికి ఎంతసేపక్కా?"

"నువ్వున్నావుగా చూడ్డానికి!"

"ఇవాళే తెప్పిస్తున్నామండీ" అన్నాడు సూపరింటెండెంట్. నజీరా రాసింది: 'వార్డులు చూశాను. ఆక్సిజన్ సక్రమంగా ఉంది.' సంతకం పెట్టింది. అమలమ్మ ఆ పెన్ను వైపే చూస్తూ నిలబడింది.

సిలిండర్ రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం వాడుతున్నది అయిపోయింది. రెండోదాని వాల్వు తిప్పితే ముల్లు కదల్లేదు. నాలుగు నెలల బిడ్డ పోయింది. సాయంత్రానికి రిపోర్టు బుక్కులో అమలమ్మ రాసిన పేజీలు లేవు. తనిఖీ పుస్తకంలో నజీరా రాసిన వాక్యం మాత్రం ఉంది. అమలమ్మను సస్పెండ్ చేశారు.

విచారణ రోజు ఉదయం పార్టీ ఆఫీసు నుంచి నజీరాకు ఫోన్ వచ్చింది. "చూడలేదన్నారంటే ఆ బిడ్డ మీ ఖాతాలోకే వస్తుంది మేడమ్. ఆలోచించుకోండి."

విచారణాధికారి తనిఖీ పుస్తకం ముందుకు జరిపాడు. "చూసే రాశారు కదండీ?"

నజీరా వేళ్లు మణికట్టు మీద వాచీని అటూ ఇటూ తిప్పాయి.

"చూశానండీ."

అధికారి పక్క కుర్చీలో ఉన్న అమలమ్మ వాంగ్మూలం టైపు చేయించి, ఆమెకు పెన్ను ఇచ్చాడు. "ఇక్కడ సంతకం పెట్టమ్మా, టైమవుతోంది."

అమలమ్మ పెన్ను పక్కన పెట్టింది. కాగితాలు దగ్గరికి లాక్కుంది.

"చదివి పెడతానండీ. మేడమ్ గారే నేర్పారు."

నాలుగు పేజీలు. ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి చదవసాగింది. లేచి వెళ్లడానికి వీల్లేక నజీరా ఆ వేలినే చూస్తూ కూర్చుంది.