నిద్రపోయే పిల్లి, లేచిన పిల్లి

నలభై ఏళ్ళుగా ఒక పిల్లి నా గుండెల మీద కూర్చుని ఉంది. బరువైన పిల్లి. దించుకుందామంటే తెలిసినవాళ్ళ ముందు నోరు రాదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెబుతున్నాను.

ముందు కాస్త గొప్ప చెప్పుకోనివ్వండి, అలవాటు. అమెరికా బడిలో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పినవాణ్ణి నేను. జెర్సీ సిటీలో నా దగ్గర అక్షరాలు దిద్దని తెలుగు పిల్లే లేదు.

సరే. బడి కాదు, ఒక చర్చి బేస్‌మెంట్‌లో నడిచే ప్రీస్కూలు. ఏళ్ళు కాదు, ఆరు గురువారాలు. పిల్లలు కాదు, ఒక్క పిల్ల. అక్షరాలు దిద్దించడమా? అక్కడికే వస్తున్నాను.

ఎనభైల మొదట్లో మాట. శైలుకు నాలుగేళ్ళు. తెనాలి నుంచి వచ్చి మూడు నెలలు. వాళ్ళదీ మా బిల్డింగే. క్లాసులో పిల్ల నోరు విప్పడం లేదని టీచర్ మిస్ ఎలెన్ బెంగపడితే, వాళ్ళ నాన్న నా పేరు చెప్పాడు. చెప్పడా మరి? తెలుగువాళ్ళు నలుగురు చేరిన చోటల్లా గుక్క తిప్పుకోకుండా పద్యాలు చదివేవాణ్ణి. మాది పండితుల వంశమని నేనే చాటుకున్నాను. నాది సాయంత్రం షిఫ్టు, పగలు ఖాళీ. వెళ్ళాను.

అక్కడొక పద్ధతి ఉండేది. పిల్లలు బొమ్మ వేసి, దాని కథ చెబుతారు. పెద్దవాళ్ళు ఆ మాటలను బొమ్మ కింద రాసి, వేలు పెట్టి చదివి వినిపిస్తారు. పిల్ల ఏం చెబితే అదే, తన భాషలోనే రాయండి, దిద్దకండి, పెంచకండి అంది మిస్ ఎలెన్. తన నోటి మాట కాగితం మీద నిలుస్తుందని, రేపు వచ్చి చూసినా అక్కడే ఉంటుందని పిల్లకు తెలియాలట. చదువు అక్కడ మొదలవుతుందట.

శైలు పిల్లిని వేసింది. చాలాసేపు దాన్నే చూసి, గుసగుసగా రెండు మాటలు చెప్పింది. పిల్లికి కోపం వచ్చింది. పిల్లి ఎవరితోనూ మాట్లాడదు. నేను మార్కర్ మూత తీశాను.

నాకు తెలుగు రాయడం రాదు.

చెప్పేశాను. నాగపూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగాను, చదువంతా హిందీలో. పద్యాలు మా నాన్న నోటి నుంచి నా నోటికి వచ్చాయి గాని చేతిదాకా దిగలేదు. తెలుగు సంఘం సంచికకు వ్యాసం అడిగితే, నేను చెబుతాను మీరు రాసుకోండి, మా ఇంటి సంప్రదాయం అదీ అనేవాణ్ణి. ఆలోచిస్తే అది నాలుగేళ్ళ పిల్లల పద్ధతే.

రాదని చెబితే పోయేది. హిందీ అక్షరాల్లో రాసినా పోయేది. ఎందుకు చేయలేదు? మిస్ ఎలెన్ నా వెనకే నిలబడి ఉందనా? లేక నేను చెప్పుకున్న పండితుణ్ణి అప్పటికి నేనే నమ్మేశానా? సున్నాలు చుట్టాను. నెత్తిన టిక్కులు పెట్టాను. అక్కడక్కడా తోకలు తగిలించాను. ఎంత అందమైన లిపి అంది మిస్ ఎలెన్.

నేను చదివి వినిపించాక, శైలు తానూ రెండు వరసలూ వేలు పెట్టి చదివింది. ఆగింది. పై వరసలో పిల్లి ఒకలాగ, కింద వరసలో ఇంకోలాగ ఉందేమని అడిగింది. ఇది నిద్రపోయే పిల్లి, అది లేచిన పిల్లి అన్నాను.

నమ్మింది. నాకు ఇప్పటికీ వింతే. ఒక మాటకు ఒకే రూపం ఉండాలని ఆ పిల్లకు ఎవరు చెప్పారు? తనంతట తానే చదువు గుమ్మం దాకా నడిచి వచ్చింది. గడియ పెట్టింది నేను.

అసలు తప్పు ఇది కూడా కాదు. ఐదో గురువారం ఇంటివాళ్ళను పిలిచారు. గోడ నిండా బొమ్మలు. శైలు వాళ్ళ అమ్మమ్మను చెయ్యి పట్టి లాక్కొచ్చి గడగడా చదివేసింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని కాగితం మీదికి వంగింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఏం బాబూ, ఇది ఏ దేశపు తెలుగయ్యా?"

"మీ మనవరాలు గీసుకుందండీ పిన్నిగారూ. పిల్లచేష్ట."

"కాదమ్మమ్మా! అంకులే రాశాడు. అవి నా మాటలు!"

"తప్పు కదుటే! పెద్దవాళ్ళ మీద అబద్ధాలు చెప్పొచ్చా?" అని ఆవిడ కసిరింది.

శైలు ఏడవలేదు. గోడ మీది కాగితాన్ని చూసింది, నన్ను చూసింది, రెండింట్లో ఏది అబద్ధమో తేల్చుకుంటున్నట్టు. నేను నవ్వాను.

ఆరో గురువారం బొమ్మ వేసి, నేను దగ్గరికి రాగానే కాగితం బోర్లించింది. "ఏం రాయొద్దు" అంది. ఆ తర్వాత షిఫ్టు మారిందని చెప్పి మానేశాను. షిఫ్టు మారలేదు. ఏడాదికి వాళ్ళు ప్లేనో అనే దూరపు ఊరికి వెళ్ళిపోయారు.

ఆ పిల్ల పెద్ద డాక్టరయిందని ఇక్కడ రాద్దామనుకున్నాను. అదీ పెంచడమే. నాకేమీ తెలియదు. మళ్ళీ ఎవరికైనా తన కథ చెప్పి రాయించుకుందో లేదో, అదైనా తెలుసుకోవాలని ఉంది. అడగడానికి నాకు ముఖం లేదు.

నలభై ఎనిమిదో ఏట తలుపేసుకుని ఒకటో తరగతి తెలుగు వాచకం ముందు పెట్టుకుని అక్షరాలు దిద్దాను. ఇదంతా ఎవరికో చెప్పి రాయించింది కాదు, నా చేతి రాతే. ఆ బొమ్మ కింద ఉండాల్సింది ఇదీ:

పిల్లికి కోపం వచ్చింది.
పిల్లి ఎవరితోనూ మాట్లాడదు.

చూడండి, ఈసారి రెండు పిల్లులూ ఒకేలాగ ఉన్నాయి.